ఝాన్సీ ఒక్కతే కొట్టే చోటు

చింతలమొగ,
6 జూలై 2025, ఆదివారం

అమ్మాయ్ ప్రియా,

పిల్లలు ఊపిరి పీలుస్తారన్న సంగతి నీకు తెలుసా, తెలియదా? ముందు దీనికి జవాబు చెప్పు. ఆశీర్వచనం తరవాత.

నువ్వు కట్టి పంపిన కవాతు బాణీ బుధవారం అందింది. స్వరాలన్నీ తెలుగులో పొందిగ్గా రాశావు, సంతోషం. కానీ రెండో చరణం ఎత్తుకుంటే దించేదెక్కడ? ట్రంపెట్ పిల్లలు ఊది ఊది మొహాలు కందగడ్డలు చేసుకున్నారు. నాగసతీష్ అయితే మధ్యలో ట్రంపెట్ దించేసి, "తాతగారండీ, ఈ పాట కట్టినావిడ చేపాండీ?" అని అడిగాడు. నేనేం చెప్పాలి? మా మేనకోడలమ్మా, మనిషేనమ్మా, విశాఖపట్నంలో పెద్ద స్కూల్లో బ్యాండు టీచరమ్మా అని పరువు కాపాడుకొచ్చాను. నువ్వు కంప్యూటరు ముందు కూర్చుని కడతావు. దానికి ఊపిరితిత్తులు లేవు తల్లీ. హనుమంతుడి దవడ మీద దెబ్బ పడిన రోజు వాయుదేవుడు అలిగి కూర్చుంటే మూడు లోకాలూ ఉక్కిరిబిక్కిరయ్యాయి. ఆయన ఒక్కసారే అలిగాడు. నీ బాణీలో చరణానికోసారి అలుగుతున్నాడు.

రెండోది. మధ్యలో అందరూ ఆగిపోవాలి, పెద్ద డ్రమ్ము ఒక్కటే నిదానంగా ఎనిమిది దెబ్బలు కొట్టాలి అని రాశావు. ఎందుకు? ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని అందరి నోళ్ళూ మూయించి ఝాన్సీ ఒక్కదాన్నే నిలబెట్టడమా? ఆ పిల్ల బాగా కొడుతుంది, కాదనను. కాలవ అవతల పల్లెపాలెంలో గంగబాబు కూతురు, తొమ్మిదో క్లాసు, డ్రమ్ము కంటే కాస్తే పెద్దది. కానీ కురుక్షేత్రంలో స్వామి శంఖం ఊదితే మిగతావాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారా? ఎవరి శంఖం వాళ్ళు పూరించారు. అందుకని ఆ ఖాళీలో దెబ్బ దెబ్బకీ అందరి చేతా "జై" అనిపిస్తున్నాను. అదిరింది.

మూడోది, చివర వేగం ఏది? ఎక్కడ మొదలెట్టావో అక్కడే ముగించావు.

ఆగస్టు పదిహేనుకి అమలాపురంలో కవాతు. పల్లెటూరి బడి బ్యాండు జిల్లా మైదానంలో అడుగు పెట్టడం ఇదే మొదలు. సంగీతం మాస్టారు లేని బళ్ళో, కొబ్బరి కొట్టువాణ్ణి నన్ను నమ్మి హెడ్మాష్టరుగారు పిల్లల్ని అప్పజెప్పారు. ఒక మాట కూడా అప్పజెప్పారు: "త్రిమూర్తులుగారూ, అక్కడ నవ్వులపాలైతే మాత్రం సామానంతా స్టోరుగదిలో పెట్టి తాళం వేసేస్తానండీ."

ఫోను ఉండగా ఉత్తరమేమిటంటావా? ఫోనులో మూడో మాటకే నీకు సిగ్నలు పోతుంది. కాగితానికి సిగ్నలు అక్కర్లేదు, మధ్యలో అడ్డుపడే వీలు నీకూ ఉండదు. మూడింటికీ జవాబు రాయి.

శుభాశీస్సులతో,
నీ మావయ్య త్రిమూర్తులు


విశాఖపట్నం,
12 జూలై 2025

మావయ్యగారికి నమస్కారాలు.

తెలుసండీ. పిల్లలు ఊపిరి పీలుస్తారు. ఆ మొదటిది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. నాగసతీష్‌కి చెప్పండి, నేను చేపను కాను, చేపల ఊరి మనిషితో వాదించాల్సి వచ్చిన దురదృష్టవంతురాలిని. రెండో చరణం సరిచేసి పంపుతున్నాను. గీత గీసిన చోటల్లా ఊపిరి. అందరూ ఒక్కసారే పీల్చకూడదు. పక్క పక్కన నిలబడిన ఇద్దరిలో ఒకరు పీలుస్తుంటే రెండోవారు ఊదాలి. అప్పుడు పాట తెగదు.

మిగతా రెండూ మాత్రం ముట్టుకోకండి. దండం పెడతాను.

ఆ ఎనిమిది దెబ్బల చోట సభావేదిక ముందు వరస మలుపు తిరుగుతుంది. ట్రంపెట్లు గోల పెడుతుంటే వెనక వరస పిల్లలకి అడుగు వినపడదు, కాళ్ళు తప్పుతాయి. అందుకే అన్నీ ఆపించాను. ఒక్క డ్రమ్ము వినపడితే అందరి కాళ్ళూ మళ్ళీ ఒక్కటవుతాయి. అది ఖాళీ కాదు మావయ్యగారూ, పాట మొత్తానికి వెన్నుపూస అది. మీరు అందులో "జై" పోశారు! తీసెయ్యండి. నిరుడు వేసవిలో వచ్చినప్పుడు ఝాన్సీని చూశాను. మిగతా పిల్లలు తమది తాము వాయించుకుంటారు. ఆ పిల్ల పక్కవాళ్ళని వింటూ కొడుతుంది. అది నేర్పితే వచ్చేది కాదు. ఆమె కోసమే ఆ చోటు రాశాను. ఒక్కతే కొట్టాలి. ఒంటరిగా. చుట్టూ చీమ చిటుక్కుమనకూడదు.

ఇక వేగం. కవాతు భజన కాదండీ. భజనలో మనం కూర్చుని ఉంటాం, ఎంత వేగం పెంచినా పడిపోం. ఇక్కడ కాళ్ళున్నాయి. ఎక్కడ మొదలెట్టామో అక్కడే ముగించాలి.

ఇంకొక్క మాట. సాధనకి ముందు ఉపన్యాసం తగ్గించండి. వేసవిలో చూశాను, మీరు గజేంద్రుణ్ణి మొసలి నోట్లోంచి విడిపించేసరికి సగం మంది పిల్లలు నిద్రపోయారు.

మీ
సత్యప్రియ


చింతలమొగ,
20 జూలై 2025, ఆదివారం

అమ్మాయ్ ప్రియా,

గజేంద్రుడి జోలికి రాకు.

హారతి వేళకి వేగం పెరగని భజన నేనింతవరకు చూడలేదు. మన పిల్లలందరూ శనివారం శనివారం రామాలయంలో నా ఎదుట తాళాలు పట్టుకుని పెరిగినవాళ్ళు. ముగింపు వస్తోందని తెలిస్తే చాలు, వాళ్ళ చేతులు వాటంతటవే దౌడు తీస్తాయి. నేను చెప్పక్కర్లేదు, నువ్వు ఆపలేవు. అయినా మొన్న బుధవారం కాలవగట్టు మీద నడిపిస్తూ వాయించి చూశాం. ముగింపులో ముందు వరస నడుస్తోంది, మధ్య వరస ఉరుకుతోంది, వెనక వరస పరుగు. పీఈటీ మాస్టారు సుధీర్ గారు పక్కనుంచి "లెఫ్ట్, లెఫ్ట్" అని అరిచి అరిచి, "ఇది కవాతాండీ, కుక్క తరిమిందాండీ?" అన్నారు. క్లారినెట్ పిల్లలిద్దరు నా కొట్టు పక్కన కొబ్బరి డొక్కల గుట్టలోకి వెళ్ళిపోయారు. దెబ్బలేం తగల్లేదు. సరే, వేగం విషయంలో నీ మాటే నెగ్గింది. సంతోషించు.

"జై" కూడా తీసేశాను. గురువారం సాయంత్రం నా కొట్టు కళ్ళంలో నువ్వు రాసింది రాసినట్టు వాయించాం. అన్నీ ఆగిపోయాయి. ఝాన్సీ ఒక్కతే ఎనిమిది దెబ్బలు కొట్టింది. నిజం చెప్పాలి, ఒళ్ళు జలదరించింది. కాలవ అవతల గట్టు మీదికి పాలెం ఆడవాళ్ళందరూ బిలబిలా వచ్చి నిలబడ్డారు. చూశావా, నా బ్యాండు వినడానికి పాలెం పాలెమే కదిలొచ్చింది అని పొంగిపోయి, ఇంకో రెండుసార్లు కొట్టించాను.

మర్నాడు పొద్దున్నే గంగబాబు దిగాడు.

"త్రిమూర్తులుగారండీ, మా పిల్ల ఇంక రాదండీ."

"ఎందుకయ్యా?"

"ఆ డ్రమ్ము దెబ్బ మా ఇంట్లో వద్దండీ."

"ఆడపిల్ల వీధిలో డ్రమ్ము కొట్టడం నామోషీ అనా?" అని నిలదీశాను. "ఆయ్, మీరెలా అనుకుంటే అలాగేనండీ," అని సైకిలెక్కి పోయాడు. చూశావా బుద్ధి? కూతురి చేతిలో విద్య చూసి మురవాల్సింది పోయి!

నువ్వు కంగారు పడకు. సంగతి నేను చక్కబెట్టాను. నిన్న శనివారం రామాలయంలో మైకు అందుకున్నాను. "సరస్వతీదేవి చేతిలో వీణ పెట్టుకుంటే, నలుగురిలో వాయించకు, లోపల కూర్చో అన్నారా ఎవరైనా? కాళికమ్మ చేతిలో ఢమరుకం లాక్కున్న మొగాడున్నాడా? మరి కాలవ అవతల ఒక తండ్రికి ఇంత గర్వమా?" అని గంటసేపు దంచేశాను. పేరెత్తలేదు, మర్యాద తప్పలేదు. అయితే కాలవ అవతల నుంచి బ్యాండుకి కూతుర్ని పంపేది అతనొక్కడే. జనమంతా మెడలు తిప్పి అతని వైపే చూశారు. తల దించుకుని కూర్చున్నాడు. రేపోమాపో తనే తీసుకొచ్చి దింపుతాడు.

శుభాశీస్సులతో,
నీ మావయ్య త్రిమూర్తులు


విశాఖపట్నం,
25 జూలై 2025

మావయ్యగారూ,

మైకులోనా? నలుగురు కూర్చున్న చోట, ఆయన్ని ఎదురుగా పెట్టుకుని, మైకులోనా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గంగబాబుగారు "నామోషీ" అని ఎక్కడా అనలేదు. ఆ మాట మీది. మీరాయన్ని ప్రశ్న అడగలేదు. జవాబు మీరే చెప్పి, ఆయన చేత తల ఊపించారు. ఆ తరవాత ఆ జవాబునే పట్టుకుని ఊరంతటి ముందు ఆయన్ని ఉతికారు. అర్జునుడు అడిగినవన్నీ విన్నాకే కదా స్వామి చెప్పింది? మీ దగ్గర అర్జునుడికి నోరు విప్పే సందే లేదు.

ఝాన్సీ లేకపోతే నా బాణీ లేదు. ఈ ముక్క ఎన్నిసార్లు రాయాలి? అయినా నేనెవర్ని చెప్పడానికి? ఆ డ్రమ్ము నాగసతీష్‌కి ఇచ్చేయండి. జై కొట్టించండి. పరుగులు పెట్టించండి. ఆఖర్న హారతి కూడా ఇచ్చేయండి. నాకేం సంబంధం లేదు. ఫోను చెయ్యకండి, ఎత్తను.

సత్యప్రియ


చింతలమొగ,
31 జూలై 2025

అమ్మాయ్,

నీ కోపం అందింది. పెద్దవాడినని చూడకుండా అన్ని మాటలన్నావు, సరే, నా అక్క కూతురివి. నువ్వు చెప్పినట్టే డ్రమ్ము నాగసతీష్‌కి ఇచ్చాను. హారతి మాత్రం ఇవ్వలేదు. కవాతులో హారతి దేనికో నాకు అంతుపట్టలేదు, అమలాపురంలో పోలీసులు ఒప్పుకుంటారో లేదో కూడా.

నాగసతీష్ కొడుతున్నాడు గాని, బియ్యం దంచుతున్నట్టుంది. సరిగ్గా రావాలని ఆ ఎనిమిది దెబ్బలే మంగళవారం సాయంత్రమంతా వాడొక్కడి చేతే కొట్టించాను. బుధవారం నుంచి పల్లెపాలెం పిల్లలు ఒక్కరూ రావడం లేదు. మిగిలిన ట్రంపెట్లన్నీ వాళ్ళవే! కట్టుబాటు చేశారన్నమాట. రాకపోనీ, నేనూ చూస్తాను. శనివారం దుర్యోధనుడి కథ ఎత్తుకుంటాను.

గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి. టపా ఆలస్యం కావచ్చు. ట్రంపెట్లు లేకుండా వాయించేలా బాణీ మార్చి పంపు.

నీ మావయ్య


విశాఖపట్నం,
6 ఆగస్టు 2025

మావయ్యగారూ,

వెటకారం అంటే ఏమిటో మీకు తెలుసా, తెలియదా? ముందు ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

డ్రమ్ము ఇచ్చేయమన్నది కోపంలో రాసిన మాటండీ! నేను రాసిన స్వరాల్లో ఒక్కటి కూడా మీరు ఉన్నదున్నట్టు వాయించలేదు, ఆ ఒక్క మాట మాత్రం తు.చ. తప్పకుండా అమలు చేశారు. ఇప్పుడు ట్రంపెట్లు లేకుండా మార్చమంటున్నారు. రేపు పిల్లలు లేకుండా మార్చమంటారు.

ఇక నా వల్ల కాదు. ఆ బాణీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పిల్లకి దక్కని చోట నా పాట ఎవరూ వాయించక్కర్లేదు. మీ హెడ్మాష్టరుగారికి ఉత్తరం రాసి పెట్టాను, నా బాణీ ఇక లేదు గనక చింతలమొగ బ్యాండు ఈ ఏడు కవాతుకి రావడం లేదని. సోమవారం సాయంత్రం టపాలో వేస్తాను. అంతవరకూ ఆగుతున్నది మీ కోసం కాదు, ఝాన్సీ కోసం. అసలు కారణం ఏమిటో కనుక్కోండి. ఉపన్యాసం ఇవ్వకుండా కనుక్కోండి.

సత్యప్రియ


చింతలమొగ,
10 ఆగస్టు 2025, ఆదివారం

తల్లీ ప్రియా,

ఈ కాగితం టపాలో వెయ్యడం లేదు. నువ్వు ఫోను ఎత్తడం లేదు, ఎత్తినా ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. సుధీర్ మాస్టారు రాజోలులో బస్సెక్కి, తన సొంత పని మీద విశాఖపట్నం వస్తున్నారు. ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. చివరిదాకా చదువు.

గురువారం మధ్యాహ్నం కొట్లో కాయలు ఏరుతున్నాను. మరిడమ్మ వచ్చింది. గంగబాబు తల్లి, ఝాన్సీకి నాయనమ్మ. నెత్తి మీద చేపల బుట్ట దించి గుమ్మంలో పెట్టింది.

"త్రిమూర్తులుగారండీ, మైకున్నప్పుడు మీరాపరు. ఇవాళ మైకు లేకుండా దొరికేరు. కూర్చోండి."

నా కొట్లో నన్ను కూర్చోమంది! కూర్చున్నాను.

"మీరు ఈ ఊరొచ్చి ఎన్నాళ్ళయిందండీ?"

"కొత్తపేట నుంచి వచ్చి కొట్టు పెట్టి ముప్పయ్యేళ్ళు దాటింది."

"ముప్పయ్యేళ్ళ నుంచి కాలవ అవతలికి మాటలు పంపుతున్నారు. అవతల నుంచి ఒక్క మాట తెచ్చుకున్నారా?"

నేను ఏదో అనబోయాను. "ఆగండి, నాది అవలేదు," అంది.

ఈ ఫోన్లూ అవీ రాకముందు పాలెంలో ఒక పద్ధతి ఉండేదట. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి పొద్దుగూకినా పడవ రాకపోతే, ఆ ఇంటి మనిషి ఒడ్డున నిలబడి ఒకే ఒక్క డ్రమ్ము నిదానంగా కొట్టేది. నీళ్ళ మీద ఉన్నవాడికి ఒడ్డు ఎటుందో తెలియాలని. ఆ దెబ్బ వినగానే పాలెం ఆడవాళ్ళందరూ పనులొదిలేసి గట్టు మీదికి వచ్చి నిలబడేవారు. పడవవాడు వింటే చేతికందిన డబ్బానో పలకనో తిరిగి కొట్టేవాడు. జవాబు వినపడిందంటే మనిషి వచ్చినట్టే.

"మా ఆయన కోసం ఆ డ్రమ్ము కొట్టింది నేనేనండీ," అంది మరిడమ్మ. "చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టేను. జవాబు రాలేదు."

కొట్లో కాయలు ఏరేవాళ్ళు కూడా చేతులాపేశారు.

"ఇన్నేళ్ళకి మళ్ళీ మీ కళ్ళంలోంచి ఆ దెబ్బే వినపడిందండీ. చుట్టూ ఏ చప్పుడూ లేదు, అదొక్కటే. కొట్టేది నా మనవరాలు. ఆ వేళకి మా గంగబాబు ఏట్లోనే ఉన్నాడు. మా కోడలు అమ్మాజీ పొయ్యి మీద కూర వదిలేసి గట్టు మీదికి పరిగెత్తింది. మీరేమో మాకేసి చూసి నవ్వుతా ఇంకోసారి కొట్టించేరు."

ప్రియా, ఆ ఆడవాళ్ళు నా బ్యాండు వినడానికి వచ్చారనుకున్నాను. గంగబాబు ఒడ్డెక్కేసరికి తల్లీ పెళ్ళామూ ఏడుస్తూ కనిపించారట. అతను మర్నాడు నా దగ్గరకొచ్చి ఆ దెబ్బ వద్దన్నాడు. ఆ మాటే అన్నాడు. నేను వినలేదు. ఆ తరవాత ఇంకో పిల్లాడి చేత సాయంత్రమంతా అదే కొట్టించానని నీకు గొప్పగా రాశాను. పాలెం తలుపులన్నీ ఎందుకు మూసుకున్నాయో ఇప్పుడు తెలిసిందా? నేను పోసిన "జై" ఉన్నన్నాళ్ళూ ఆ దెబ్బ దాని కింద దాగింది. నువ్వు తీయించావు, నేను తీశాను. నిన్ననడం లేదు. ఇద్దరికీ తెలియదు. కానీ నేను ఇక్కడే ఉన్నాను, నువ్వు లేవు.

"మరేం చెయ్యమంటావు మరిడమ్మా, డ్రమ్ము మానిపించెయ్యనా?" అన్నాను.

"మళ్ళీ మీరే చెప్పేస్తారేంటండీ? పిల్లని కొట్టొద్దనడానికి నేనెవర్ని? శుభ్రంగా కొడతాది. కొట్టించండి. జవాబు లేకుండా మాత్రం వదిలెయ్యకండి."

బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కాలవ దాటి గంగబాబు ఇంటికి వెళ్ళాను. రాముడంతటివాడు గంగ ఒడ్డున నిలబడి గుహుడు చెప్పింది విన్న తరవాతే నావలో కాలు పెట్టాడు. ఈ కథ పడవలవాళ్ళకే వందసార్లు చెప్పాను, నేను మాత్రం ఒక్కసారీ వినలేదు. గంగబాబు వల బాగుచేసుకుంటూ తల ఎత్తలేదు. తప్పయిపోయింది, క్షమించమన్నాను.

లోపల్నుంచి అమ్మాజీ అందుకుంది: "ఆయ్, బానే ఉందండీ. తిట్టడం మైకులో, క్షమించమనడం చెవిలోనాండీ?"

"ఊరుకోవే," అన్నాడు గంగబాబు. నవ్వు ఆపుకోలేకపోయాడు గాని.

నిన్న శనివారం మైకులోనే చెప్పాను. దుర్యోధనుడి కథ ఎత్తుకున్నాను, ఈసారి దుర్యోధనుణ్ణి నేనే. రెండే నిమిషాల్లో ముగించాను. జనం నమ్మక చాలాసేపు లేవలేదు. దిగి వస్తుంటే గంగబాబు ఎదురొచ్చి, "జవాబుంటే మా పిల్ల కొడతాదండీ. మా అమ్మని తీసుకుని అమలాపురం వస్తానండీ. పాలెం పిల్లలందరూ వస్తారు," అన్నాడు.

నాగసతీష్ తన ట్రంపెట్ తనకిచ్చేయమని ఒకటే గోల. ఇచ్చేశాను. మంగళవారం సాయంత్రం అందరూ నా కళ్ళంలో ఉంటారు. అది మొదలు కవాతుకి ముందురోజు వరకే సాధన.

కాబట్టి విను. ఆ ఎనిమిది దెబ్బల చోటు తీసెయ్యకు, దాని మీద ఏదీ కప్పకు. వెనక వరస నుంచి ఏదో ఒకటి ఆ పిల్లకి తిరిగి పలకాలి. చిన్న డ్రమ్మో, ట్రంపెట్టో, రెండో దెబ్బకో, ఆఖరి దెబ్బకో, అది నీ విద్య. నేను చెప్పను. వెనక వరసకి అడుగు తప్పకుండా ఎలా రాయాలో కూడా నీకే తెలుసు. ఈసారి నువ్వు రాసింది రాసినట్టు వాయిస్తాను, ఒక్క అక్షరం ముట్టుకుంటే మరిడమ్మ మీద ఒట్టు.

సుధీర్ మాస్టారు నీ ఎదురుగానే ఉన్నారు. కుర్చీ వేసి కాఫీ ఇయ్యి. సాయంత్రం బస్సుకి ఆయన తిరుగు ప్రయాణం, నువ్వు మార్చిన బాణీ కాగితం ఆయన చేతిలో ఉండాలి. హెడ్మాష్టరుగారికి రాసింది చింపి అవతల పారెయ్యి. నా మీద కోపం పదహారో తారీకు దాకా దాచుకో, నేనెక్కడికీ పోను. ఆ పిల్ల కొట్టినప్పుడు ఈసారి ఎవరో ఒకరు పలకాలి. కూర్చో తల్లీ, పెన్ను తియ్యి. ఇవాళే రాయి. ఇప్పుడే రాయి!

నీ మావయ్య
త్రిమూర్తులు